తోటివాళ్ల వ్యాసం చదివి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి: పెన్సిలా, మాటా, పట్టికా, ఉత్తరమా?

డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల చేత వాదన వ్యాసాలు రాయించి, ఒకరివి ఒకరు మార్చుకుని చదవమంటే ఏం జరుగుతుందో నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. పది నిమిషాలు తల వంచుకుని చదువుతారు. ఆ తర్వాత చివరి పేజీ కింద "చాలా బాగుంది, అక్షరదోషాలు చూసుకో" అని రాసి తిరిగిచ్చేస్తారు. సగానికి పైగా కాగితాల మీద ఇదే మాట ఉంటుంది. కొందరు "సూపర్ రా" అని రాసి పక్కన నవ్వు ముఖం బొమ్మ గీస్తారు. ఒకరిద్దరు మాత్రం పగబట్టినట్టు ప్రతి వాక్యానికీ ఒక గీత పెడతారు.

పిల్లల్ని అనడానికి లేదు. ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి అంటాం గానీ, దాన్ని ఎలా ఇవ్వాలో చెప్పం. కాగితం అంచున రాయాలా, ఎదురుగా కూర్చుని మాట్లాడాలా, గూగుల్ డాక్‌లో కామెంట్ పెట్టాలా, మార్కులు వేయాలా, వాట్సాప్‌లో చెప్పేస్తే సరిపోతుందా? ఎలా చెప్పినా ఒకటేలే అనుకుంటాం గానీ, ఒకటి కాదు. ఒక పద్ధతిలో ఇట్టే బయటికొచ్చే మాట ఇంకో పద్ధతిలో గొంతు దాటదు.

ముందు, దేన్ని బట్టి ఎంచుకోవాలి

కథ చదివితే బాగుందో లేదో చెప్తాం. వాదన వ్యాసం సంగతి వేరు. చదివినవాడి మనసు కాస్తయినా కదలాలి, దాని పని అదే. లెక్చరర్ మార్కులు వేయడానికి చదువుతాడు, ఒప్పుకోవడానికి కాదు. నేనూ అంతే. అరవై వ్యాసాలకు తలా పది నిమిషాలు పెడితే పది గంటలవుతుంది, ఆరో గంటకు నా మనసు దేనికీ కదలదు. ఆ వ్యాసానికి అసలైన పాఠకుడు పక్క బెంచీలో కూర్చున్నవాడే. కాబట్టి నా మొదటి కొలత ఇది: "ఇక్కడ నమ్మాను, ఇక్కడ జారిపోయాను" అనే సాక్ష్యం ఈ పద్ధతిలో బయటికొస్తుందా? అచ్చుతప్పులు ఎవరైనా పట్టిస్తారు. ఈ సాక్ష్యం మాత్రం చదివినవాడే ఇవ్వాలి.

రెండోది మొహమాటం. మన క్లాసుల్లో ఫీడ్‌బ్యాక్‌ని చంపేది తెలివి తక్కువ కావడం కాదు, మొహమాటం ఎక్కువ కావడం. రేపు మళ్లీ అదే బస్సులో పక్కపక్కనే కూర్చోవాలి కదా. కొన్ని పద్ధతులు మొహమాటాన్ని పెంచుతాయి, కొన్ని తగ్గిస్తాయి.

మూడోది, రాసినవాళ్ల చేతిలో తర్వాత ఏం మిగులుతుంది అన్నది. వ్యాసం తిరగరాసేది రెండు రోజుల తర్వాతో, సబ్మిట్ చేసే ముందురోజు రాత్రి పదకొండింటికో. అప్పటికి నువ్వు చెప్పింది వాళ్లకు దొరకాలి. ఆ తర్వాత టైమ్. ఆపైన, వ్యాసం మొదటి చిత్తుప్రతిలో ఉందా, రేపు ఇచ్చేసే స్థితిలో ఉందా అన్నది. చాలామంది మర్చిపోయేది ఈ చివరిదాన్నే.

| పద్ధతి | వాదనలో లోపం దొరుకుతుందా | మొహమాటం | తర్వాత చేతిలో మిగిలేది | 600 పదాల వ్యాసానికి టైమ్ | ఏ దశలో |
|---|---|---|---|---|---|
| అంచున పెన్సిల్ రాతలు | కొంతవరకు, చెయ్యి అక్షరదోషాల మీదికి పోతుంది | మధ్యస్థం | కాగితమే | 15 నిమిషాలు | రెండో ప్రతి |
| గూగుల్ డాక్ కామెంట్లు | ఆధారాలు సరిచూడటానికి బాగా | మధ్యస్థం | అన్నీ ఉంటాయి | 15–20 నిమిషాలు | రెండో ప్రతి, చివరి ప్రతి |
| మార్కుల పట్టిక | పెద్దగా దొరకదు | ఎక్కువ | అంకెలు | 8 నిమిషాలు | చివరి ప్రతి |
| ఎదురుగా కూర్చుని | అన్నిటికంటే బాగా | మొదట ఎక్కువ, తర్వాత తక్కువ | రాసుకుంటేనే | 25 నిమిషాలు | మొదటి ప్రతి |
| వాయిస్ మెసేజ్ | ఫర్వాలేదు | తక్కువ | ఉంటుంది గానీ వెతకాలి | 10 నిమిషాలు | మొదటి ప్రతి |
| ఒక పేజీ ఉత్తరం | బాగా | తక్కువ | ఉత్తరం | 30 నిమిషాలు | రెండో ప్రతి |

టైమ్ అంకెలు నా క్లాసులో చూసినవి. మీ చదివే వేగాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

పద్ధతి ఏదైనా, చూడాల్సింది వంటిల్లు

పోలికలోకి వెళ్లే ముందు ఒక చిన్న పక్కదారి. ఏం వెతకాలో తెలియకపోతే ఎలా చెప్పాలన్న ప్రశ్నే రాదు.

మన పాతకాలపు తర్కశాస్త్రం, అంటే న్యాయశాస్త్రం, వాదనకు ఐదు అవయవాలు చెప్తుంది: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. పాతకాలం నుంచీ వస్తున్న ఉదాహరణ కొండ మీది నిప్పు. కొండ మీద నిప్పు ఉంది. ఎందుకంటే పొగ కనిపిస్తోంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూడట్లేదూ? ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పు ఉంది.

పిల్లల వ్యాసాల్లో కొండ ఉంటుంది, పొగ ఉంటుంది, చివర్లో "కాబట్టి నిప్పు ఉంది" అని గట్టిగా ఉంటుంది. మధ్యలో వంటిల్లు ఉండదు. అంటే ఆ కారణం నుంచి ఈ తీర్మానానికి ఎలా వచ్చావో చూపించే, మనందరం కళ్లతో చూసిన ఉదాహరణ ఒక్కటీ ఉండదు. బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ కూడా 1958లో ఆధారానికీ తీర్మానానికీ మధ్య ఉండే లంకె గురించే మాట్లాడి, దానికి 'వారంట్' అని పేరు పెట్టాడు. మా క్లాసులో అంత పెద్ద పేర్లు అక్కర్లేకుండా "వంటిల్లేది?" అని అడుగుతాం. ఇప్పుడు అది ఊతపదం అయిపోయింది. క్యాంటీన్‌లో కూడా అనుకుంటున్నారట.

ఇంకొకటి పూర్వపక్షం. అవతలివాడు ఏమంటాడో ముందే చెప్పి, దానికి జవాబు ఇవ్వడం. శాస్త్రాల్లో పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతానికి వెళ్లరు. మన వ్యాసాల్లో అవతలివాడు అసలు ఉండడు, ఉన్నా వాడు మూర్ఖుడై ఉంటాడు.

క్లాస్‌మేట్ వ్యాసంలో ఈ రెండూ వెతికితే చాలు. ఇక పద్ధతులు చూద్దాం.

అంచున పెన్సిల్

అందరికీ అలవాటైన పద్ధతి. మాట ఎక్కడ చెప్పాలో అక్కడే పడుతుంది. "మూడో పేరాలో ఎక్కడో" అని తడుముకోనక్కర్లేదు. రాసినవాడు కాగితం ముందు పెట్టుకుని తిరగరాయొచ్చు.

చిక్కల్లా, పెన్సిల్ చేతిలోకి రాగానే మనలో ఒక ప్రూఫ్‌రీడర్ నిద్ర లేస్తాడు. బీఎడ్ చదివేటప్పుడు నా స్నేహితురాలు ఒక వ్యాసం చదివి చెప్పమని ఇచ్చింది. నేను ఎర్ర పెన్ను తీసుకున్నాను (అదే మొదటి తప్పు). 'చేసారు'లో స కొట్టేసి శ పెట్టాను, వత్తులు సరిచేశాను, రెండు వాక్యాలు నా ధోరణిలోకి మార్చేశాను. కాగితం చూస్తే పసుపు కుంకుమ చల్లినట్టుంది. గర్వంగా తిరిగిచ్చాను. ఆమె మళ్లీ ఎప్పుడూ నాకు ఏదీ చూపించలేదు. సంవత్సరం తర్వాత ఆ కాగితం ఒక ఫైల్లో మళ్లీ కంటపడితే చదివాను. ఆ వ్యాసంలో ఒక్క కారణం కూడా లేదు. నాలుగు పేజీలూ ఒకే మాటను నాలుగు రకాలుగా చెప్పింది. అన్ని వత్తులు చూసిన నాకు అది కనిపించనే లేదు.

విద్యార్థుల రచనలో ఏ తెలుగు ఉండాలి, గ్రాంథికమా, వాడుక భాషా అన్న గొడవ వందేళ్ల పాతది. 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీ తెలుగు కాంపోజిషన్ సబ్ కమిటీకి అసమ్మతి పత్రం ఇచ్చింది ఆ విషయం మీదే. ఆ గొడవను మళ్లీ క్లాస్‌మేట్ కాగితం అంచున నడపాల్సిన పనిలేదు.

పెన్సిలే మీ ఎంపిక అయితే మూడు గుర్తులకు మించి వాడకండి. నమ్మిన చోట చిన్న టిక్కు. "ఎలా?" అనిపించిన చోట ప్రశ్నార్థకం. ఆసక్తి జారిపోయి పైకి చూసిన చోట వంకర గీత. మొత్తం అయ్యాక, ఒక్క ప్రశ్నార్థకం పక్కన మాత్రం రెండు వాక్యాలు రాయండి. అక్షరదోషాలు మరీ కళ్లలో గుచ్చుకుంటే చివర్లో "భాష ఒకసారి చూసుకో" అని ఒక్క ముక్క చాలు. ఎలాగూ తీసేయబోయే పేరాలో దీర్ఘాలు దిద్ది ఏం లాభం?

గూగుల్ డాక్ కామెంట్లు

ఇది బాగా పనికొచ్చేది ఆధారాలు సరిచూడటానికి. లింకు అక్కడే అతికించొచ్చు. ఒక ఉదాహరణ. మాతృభాషలో చదువు మీద ఒక కుర్రాడు ఇలా రాశాడు: "జాతీయ విద్యా విధానం 2020 అయిదో తరగతి వరకు మాతృభాషలోనే బోధించాలని తప్పనిసరి చేసింది." చదివిన అమ్మాయి 'తప్పనిసరి' అన్న మాట సెలెక్ట్ చేసి ఈ కామెంట్ పెట్టింది: "ఆ విధానంలో 'వీలైన చోటల్లా' అని ఉంది. కనీసం అయిదు వరకు, వీలైతే ఎనిమిది, ఆపైన కూడా అన్నారు. తప్పనిసరి అనలేదు. నీకు ఎదురు వాదించేవాడు ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా వ్యాసం ఎవరూ చదవరు."

ఇలాంటి కామెంట్ ఒక్కటి చాలు. తప్పు ఏంటో చెప్పింది, సరైనది ఏంటో చెప్పింది, దానివల్ల వ్యాసానికి వచ్చే నష్టమూ చెప్పింది. కుర్రాడు దాన్ని "సిఫార్సు చేసింది" అని మార్చుకుని, 'వీలైన చోటల్లా' అన్న ఆ సడలింపు మీదే ఇంకో పేరా రాశాడు. వ్యాసం మొత్తంలో అదే బాగా వచ్చింది.

షేర్ చేసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. స్నేహితుడికి 'ఎడిటర్' అనుమతి ఇవ్వకండి, 'కామెంటర్' ఇవ్వండి. ఎడిటర్ అయితే మీ వాక్యాలు వాడి చేతిలో తిరగబడతాయి. కామెంటర్‌గా ఉన్నా సజెస్ట్ చేసే అవకాశం ఉంటుంది, అది కూడా తక్కువ ప్రమాదమేం కాదు. ఎందుకంటే 'యాక్సెప్ట్' నొక్కడం చాలా తేలిక. ఆలోచించకుండా పదిహేను టిక్కులు నొక్కేస్తే వ్యాసం నునుపుగా తయారవుతుంది, రాసినవాడికి మాత్రం కొత్తగా ఏమీ రాదు.

ఇంకో ఇబ్బంది, మొదటివాడు పెట్టిన కామెంట్ మిగతావాళ్లకు కనిపిస్తుంది. వాడు "ముగింపు బాలేదు" అంటే అందరి కళ్లూ ముగింపు మీదికే పోతాయి. ముగ్గురు చదువుతుంటే ముగ్గురికీ వేరువేరు కాపీలు ఇవ్వడం మేలు.

మార్కుల పట్టిక

విషయం 10కి 8, నిర్మాణం 10కి 7, భాష 10కి 8. టీచర్లకు ఇది ఇష్టం, రికార్డులో పెట్టుకోవచ్చు. రాసినవాడికి 7 అంటే ఏం తెలుస్తుంది? స్నేహితుడికి 5 వేసే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి అందరివీ 7, 8 మధ్యే తిరుగుతాయి. పట్టిక తప్పదంటే అంకెల గడులు తీసేసి ప్రశ్నలు పెట్టండి: "ఈ వ్యాసం ఏం ఒప్పించాలనుకుంటోంది? ఒక్క వాక్యంలో రాయి." రాసినవాడు అనుకున్నదీ, చదివినవాడు రాసిందీ వేరైతే, అంకెలు చెప్పలేని సంగతి అక్కడ తెలిసిపోతుంది.

ఎదురుగా కూర్చుని

నన్నడిగితే మొదటి చిత్తుప్రతికి ఇంతకు మించింది లేదు. కానీ మన అలవాటు ప్రకారం చేస్తే ఇదే అన్నిటికంటే దండగ. మన అలవాటు ఏంటంటే, రాసినవాడు కాగితం ఇచ్చి పక్కనే నిలబడి "ఎలా ఉంది, ఎలా ఉంది" అంటాడు, చదివేవాడు పై పైన చూసి "బాగుంది రా" అంటాడు, ఇద్దరూ టీకి వెళ్తారు.

రెండు నియమాలు పెట్టుకుంటే ఇది మారిపోతుంది. ఒకటి, చదివేవాడు వ్యాసాన్ని పైకి చదవాలి, రాసినవాడు వినాలి. తన వాక్యం ఇంకొకరి నోట తడబడితే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. రెండు, రాసినవాడు తనను తాను సమర్థించుకోకూడదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. "అది కాదు, నా ఉద్దేశం ఏంటంటే" అని మాత్రం మొదలుపెట్టకూడదు.

మా క్లాసులో ఇద్దరు అమ్మాయిల మధ్య జరిగింది చెప్తాను. వ్యాసం ఉచిత బస్సు ప్రయాణం మీద. చదివే అమ్మాయి పైకి చదివింది:

"2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. మహిళలు అన్ని ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. దీనివల్ల మహిళా సాధికారత జరిగింది. కాబట్టి ఈ పథకాన్ని ఎవరూ వ్యతిరేకించకూడదు."

చదివి ఆగింది.

"అన్ని బస్సులా? సూపర్ లగ్జరీ ఎక్కి చూడు, టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. అంతే."

"సరే, మారుస్తా."

"అది చిన్నదిలే. మూడో వాక్యం చదువుతుంటే నాకేం కనిపించలేదే. సాధికారత జరిగింది అన్నావు. ఎవరికి? ఏం జరిగింది?"

రాసిన అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ ఇప్పుడు వారానికోసారి అమ్మమ్మ దగ్గరికి వెళ్లొస్తోంది. ఇంతకుముందు ఛార్జీలకు నాన్నని అడగాలి. అడగడం ఇష్టంలేక వెళ్లేదే కాదు" అంది.

"మరి అది రాయవేంటే! వంటిల్లు ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత చదివిన అమ్మాయి గొంతు కొంచెం తగ్గించి చెప్పింది: "ఇంకోటి. ఎవరూ వ్యతిరేకించకూడదు అన్నావు చూడు. మా బాబాయ్ ఆటో నడుపుతాడు. ఈ వాక్యం చదివితే కాగితం అవతల పడేస్తాడు. ఆయన్ని తిట్టకుండా, ఆయన బాధ నీకు తెలుసని ఒక్క పేరా రాస్తే, చివరిదాకా చదువుతాడేమో."

నేను పక్కన నిలబడి విన్నాను. పూర్వపక్షం గురించి నేను గంట చెప్పినదానికంటే ఆ బాబాయ్ ఎక్కువ పనిచేశాడు. ఇది కాగితం అంచున వచ్చే మాట కాదు. "అవతలి వాదన రాయలేదు" అని అంచున రాయొచ్చు, కానీ బాబాయ్ రాడు. అమ్మ సంగతి అసలే రాదు, అది రాసిన అమ్మాయి నోట్లోంచి వచ్చింది కదా.

ఈ పద్ధతిలో నష్టాలూ ఉన్నాయి. టైమ్ ఎక్కువ. గోల ఎక్కువ, ముప్పై జంటలు ఒకేసారి చదివితే క్లాసు చేపల మార్కెట్టే. మొదటి ఐదు నిమిషాలు ఇద్దరికీ టెన్షన్. పైగా మాట గాలిలో కలిసిపోతుంది. రాసిన అమ్మాయి అక్కడికక్కడే మార్జిన్లో "అమ్మ–అమ్మమ్మ" అనీ "బాబాయ్" అనీ రెండు ముక్కలు గీసుకుంది కాబట్టి సరిపోయింది.

వాయిస్ మెసేజ్

హాస్టల్లో ఒకరు, ఊళ్లో ఒకరు ఉంటే ఇది మంచి మధ్యేమార్గం. గొంతులో చనువు ఉంటుంది కాబట్టి కఠినమైన మాట కూడా గుచ్చుకోదు. నాలుగు నిమిషాలు దాటితే ఎవరూ రెండోసారి వినరు. చదివి ముగించాక చెప్పడం కంటే, చదువుతూ చదువుతూ "ఇక్కడిదాకా ఒప్పుకున్నాను... ఆఁ, ఇక్కడ ఆగిపోయాను" అని రికార్డ్ చేయండి. పేరా నంబరు చెప్పడం మర్చిపోకండి.

ఒక పేజీ ఉత్తరం

వినడానికి పాతకాలం వ్యవహారంలా ఉంటుంది. మొదట్లో పిల్లలు కూడా నవ్వారు. రెండో ప్రతికి మాత్రం నేను దీన్నే ఎంచుకుంటాను.

ఎందుకంటే ఉత్తరంలో "బాగుంది" అని రాసి ఊరుకోవడం కష్టం. పేజీ నింపాలి. వ్యాసం మొత్తాన్ని ఒక్క చూపులో చూడాల్సి వస్తుంది, వాక్యాల దగ్గర ఆగిపోవడం కుదరదు. మొహమాటం కూడా తగ్గుతుంది. ముఖాముఖి అనలేని మాటను కూర్చుని, పదాలు ఏరుకుని రాయొచ్చు. రాసినవాళ్లు ఒంటరిగా చదువుకుంటారు, ముఖం ఎర్రబడినా ఎవరూ చూడరు.

కాలేజీలో ఫోన్లు నిషేధించాలన్న వ్యాసానికి ఒక కుర్రాడు రాసిన ఉత్తరం ఇలా సాగింది: "నీ వ్యాసం మొదలుపెట్టేటప్పుడు నేను నీతో ఒప్పుకోను. ఫోన్ కావాలనే నా పక్షం. మొదటి పేజీ చదివాక కూడా మారలేదు, ఎందుకంటే అందులో అందరూ అనే మాటలే ఉన్నాయి. ల్యాబ్‌లో రీడింగులు తీసుకునేటప్పుడు నీ పార్టనర్ రీల్స్ చూస్తూ కూర్చుంటే ఎక్స్‌పెరిమెంట్ రెండుసార్లు చేయాల్సి వచ్చిందని రాశావే, అక్కడ ఆలోచించాను. క్లాసులో కాకపోయినా ల్యాబ్‌లో నిషేధించొచ్చు అనిపించింది. తర్వాత పేరాలో మళ్లీ 'ఫోన్లు యువతను నాశనం చేస్తున్నాయి' అన్నావు, అక్కడ మళ్లీ జారిపోయాను. నేనైతే ల్యాబ్‌తోనే మొదలుపెడతాను. నిషేధం ల్యాబ్‌కే పరిమితం అంటే నేను సంతకం పెడతాను."

మార్కుల్లేవు, పొగడ్త లేదు, వెక్కిరింపు లేదు. ఒక పాఠకుడి మనసు ఎక్కడ కదిలిందో, ఎక్కడ ఆగిందో వరసగా ఉంది. వ్యాసం రాసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? నష్టమల్లా అరగంట. వారానికి నాలుగు ఉత్తరాలు రాయమంటే మూడోదానికి మళ్లీ "చాలా బాగుంది"కి దిగిపోతారు. సెమిస్టర్‌కి రెండు చాలు.

చాట్‌బాట్‌కి ఇస్తే పోలేదా?

అడుగుతారని తెలుసు. వ్యాకరణం, వాక్యం పొందిక చూడటానికి వాడుకోండి, కాదనను. తప్పులు కూడా ధీమాగా చెప్తుంది కాబట్టి ఆధారాల విషయంలో దాన్ని నమ్ముకోకండి. దానికి ఆటో నడిపే బాబాయ్ కూడా లేడు.

మరి మీకు ఏది?

ప్రాణ స్నేహితుల మధ్య అయితే ఎదురుగా కూర్చోవడం కంటే ఉత్తరం మేలు. చనువు ఎక్కువైన చోట నిజం నవ్వులాటలో కొట్టుకుపోతుంది. అంతగా పరిచయం లేనివాళ్ల మధ్య దీనికి ఉల్టా. ఎదురుగా కూర్చుని పైకి చదవడంతో మొదలుపెట్టండి. ముక్కూ ముఖం తెలియనివాడు అంచున రాసిన మాట, ఎంత మంచిదైనా, పెడసరంగానే వినిపిస్తుంది.

మాట్లాడటానికి బాగా సిగ్గుపడేవాళ్లు వాయిస్ మెసేజ్ లేదా పెన్సిల్ మూడు గుర్తులతో మొదలుపెట్టొచ్చు. ఇంగ్లిష్ మీడియంలో చదివి తెలుగు రాయడం కష్టమైనవాళ్లు "నా తెలుగే బాలేదు, నేనేం చెప్తాను" అని వెనక్కి తగ్గుతుంటారు. వంటిల్లు ఉందో లేదో చూడటానికి ఛందస్సు రావక్కర్లేదు. నోటితో చెప్పండి.

వ్యాసం తీసుకున్న పక్షం మీకు అస్సలు నచ్చనప్పుడు ఏం చేయాలన్నది కాస్త గట్టి ప్రశ్న. ఉచిత బస్సు, రిజర్వేషన్లు, మాధ్యమం, ఇలాంటి విషయాలు ఇంట్లో కూడా గొడవలు పెడతాయి. న్యాయశాస్త్రం చర్చను మూడు రకాలు చేసింది: నిజం తేల్చుకోవడానికి వాదం, గెలవడానికి జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిది కొట్టేయడానికే వితండ. వితండవాదం అన్న మాట మనం రోజూ వాడుతూనే ఉంటాం. నచ్చని వ్యాసం చేతికొస్తే మనం తెలియకుండానే మూడోదానిలోకి జారతాం. అలాంటప్పుడు మాట్లాడొద్దు, ఉత్తరం రాయండి. పైన ఫోన్ల మీద కుర్రాడు చేసినట్టు, "నేను నీ పక్షం కాదు" అని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. ఆ తర్వాత "ఒప్పుకోను" వేరు, "నువ్వు నిరూపించలేదు" వేరు అని రెండూ విడివిడిగా రాయండి. నిజానికి వాదన వ్యాసానికి మీరే అందరికంటే పనికొచ్చే పాఠకులు.

గ్రూప్-1కో సివిల్స్‌కో తయారవుతూ చిక్కడపల్లి లైబ్రరీలో కాపీలు మార్చుకునేవాళ్ల లెక్క వేరు. యూపీఎస్సీ వ్యాసం పేపర్ 250 మార్కులు, మూడు గంటల్లో రెండు వ్యాసాలు, అదీ చేత్తో. అక్కడ గూగుల్ డాక్ అలవాటు చేసుకుని లాభం లేదు. చేతిరాత కాపీ మీద పెన్సిల్, దాంతోపాటు పది నిమిషాల మాట. వాళ్లు అదనంగా ఒకటి చూడాలి: ఏ పేజీలో చేతిరాత చెదిరిందో. అక్కడే టైమ్ చాల్లేదన్నమాట, ఆలోచన కూడా సాధారణంగా అక్కడే పలచబడుతుంది.

అరవై మంది ఉన్న క్లాసు టీచర్లకైతే, మొదటి ప్రతికి ఒక పీరియడ్ ఎదురుగా కూర్చోబెట్టండి, వీలైతే సగం మందిని వరండాలోకి పంపండి. రెండో ప్రతికి ఇంటి దగ్గర రాసుకొచ్చే ఉత్తరం. మార్కులు మీరే వేసుకోండి, పిల్లలతో వేయించకండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా రాసినవాళ్లు చేయాల్సింది ఒకటుంది. కాగితం ఇచ్చే ముందు దాని నెత్తిన ఒక ప్రశ్న రాసి ఇవ్వాలి. "ఎలా ఉంది?" అన్నది ప్రశ్న కాదు. పోయిన సెమిస్టర్‌లో ఒక అమ్మాయి, ఆడపిల్లలను హైదరాబాద్ పంపి చదివించడం మీద రాసిన వ్యాసం పైన ఇలా రాసి ఇచ్చింది: "రెండో పేజీ అయ్యేసరికి మా నాన్న ఒప్పుకుంటాడా?"

చదివిన అమ్మాయి కింద పెన్సిల్‌తో రాసింది: "మీ నాన్న సంగతి తెలీదు గానీ మా నాన్న ఒప్పుకోడు. హాస్టల్ ఫీజు ఎంతో ఎక్కడా లేదు."